కిడ్నీ జబ్బుకు బూజు మందా?

ప్ర: మా బాబుకి ఆరేళ్లు. పొద్దున లేచేసరికి కళ్లు ఉబ్బి ఉంటే చూపించాం, నెఫ్రోటిక్ సిండ్రోమ్ అన్నారు. స్టెరాయిడ్ వాడితే తగ్గుతుంది, ఆపితే మళ్లీ వస్తుంది. ఇప్పుడు మైకోఫెనొలేట్ రాశారు. అది బూజు నుంచి తీసిన యాంటీబయాటిక్ అని మా తమ్ముడు చదివి చెప్పాడు. బాబుకి జ్వరం లేదు, చీము లేదు. ఎందుకిది? ఐదు రోజులు వాడి ఆపేయొచ్చా?
– ఒక తల్లి, కాకినాడ

జ: మీ తమ్ముడు చదివింది నిజమే. 1893లో ఇటలీలో బార్తొలొమియో గోసియో పాడైన మొక్కజొన్న మీది బూజును పరీక్షిస్తూ ఈ మందుకు మూలమైన పదార్థాన్ని వేరుచేశాడు. ఆంత్రాక్స్ క్రిమి పెరగకుండా అది అడ్డుకుంది. పెన్సిలిన్ సంగతి బయటపడింది 1928లో. అంటే దానికంటే ఇదే పెద్దది! అయినా క్రిముల మందుగా మాత్రం నిలదొక్కుకోలేదు.

దాని అసలు పని వేరేచోట తేలింది. ఏ కణమైనా రెండు కావాలంటే డీఎన్ఏకి కొత్త ఇటుకలు కావాలి. చాలా కణాలు పాత గోడ ఇటుకలు ఏరుకుని సర్దుకుంటాయి. లింఫోసైట్లనే తెల్లకణాలకు ఆ ఓపిక తక్కువ, బట్టీలోంచి తాజావే రావాలి. మైకోఫెనొలేట్ ఆ బట్టీని మూయిస్తుంది. అందుకే మార్చిన కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా ఉండేందుకు 1995లో అమెరికాలో దీన్ని అనుమతించారు.

మీ బాబు కిడ్నీలోని జల్లెడ ఆల్బుమిన్‌ను కారనిస్తోంది, దాని వెనక ఈ తెల్లకణాల హస్తం ఉంది. వాటిని అదుపులో పెట్టి స్టెరాయిడ్ తగ్గించుకోవడానికే ఈ మందు. స్టెరాయిడ్ ఎక్కువకాలం వాడితే పిల్లలు లావెక్కుతారు, ఎత్తు ఎదగరు. కాబట్టి ఇది ఐదు రోజుల కోర్సు కాదు, సాధారణంగా ఏడాది, అంతకంటే ఎక్కువే. పని మొదలెట్టడానికే వారాలు పడుతుంది. ఈలోగా స్టెరాయిడ్‌ను మీ అంతట మీరు ఆపకండి. కడుపునొప్పి, విరేచనాలు రావచ్చు, తెల్లకణాలు తగ్గవచ్చు. రక్తపరీక్ష ఎగ్గొట్టొద్దు. పొద్దుటి మూత్రాన్ని స్ట్రిప్‌తో చూసి నోటుపుస్తకంలో రాయండి. వరసగా మూడు రోజులు మూడు ప్లస్‌లు వస్తే జబ్బు తిరగబెట్టినట్టే, డాక్టరుకు చెప్పండి.

ప్ర: మా పాపకి ఇదే జబ్బు. నులిపురుగుల మందు రోజు విడిచి రోజు రాశారు. పొరపాటు కాదు కదా?
– ఒక తండ్రి, నల్గొండ

జ: కాదు. అది లెవామిసోల్. పురుగులకు పుట్టినా రోగనిరోధక శక్తిని సవరించే గుణం ఉండబట్టి ఈ పిల్లలకు వాడతాం. దీనికీ రక్తకణాలు చూస్తూ ఉండాలి.

ప్ర: వాపు వచ్చినప్పుడల్లా అజిత్రోమైసిన్ ఇస్తే తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జ: వాపుకు అది మందు కాదు. జలుబు, గొంతునొప్పి వచ్చాక ఈ జబ్బు తిరగబెట్టడం మామూలే. ఆ సమయంలో ఇచ్చింది గనుక దీనివల్లే తగ్గిందనిపిస్తుంది. అజిత్రోమైసిన్‌కూ రోగనిరోధక వ్యవస్థను కొంత శాంతపరిచే గుణం ఉంది, పరిశోధనలు సాగాయి. అయినా స్టెరాయిడ్ స్థానంలో నిలబడే మందు కాదు. వాపుతోపాటు జ్వరం, పొట్ట ముట్టుకోనివ్వనంత నొప్పి ఉంటే మాత్రం మెడికల్ షాపుకు వెళ్లకండి, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. పొట్టలోని నీటికి చీము పట్టిందేమో చూడాలి.