ఈదురుగాలికి లేచిపోయిన సిమెంటు రేకులు: దించడం, మూటకట్టడం, అప్పగించడం

రోహిణి ఎండలు ముదిరిన కొద్దీ సాయంత్రాల్లో ఈదురుగాలులు లేస్తున్నాయి. మామిడి రాలడం గురించీ అరటి పడిపోవడం గురించీ ఈ శీర్షికలో ఏటా చెప్పుకుంటూనే ఉన్నాం. ఈసారి పశువుల కొట్టాలు, కోళ్ల షెడ్లు, మోటారు షెడ్ల మీది సిమెంటు రేకుల సంగతి చూద్దాం. గాలికి లేచి పగిలిన రేకులను ఎత్తిపోయడం, మృగశిర జల్లులు పడేలోగా పాత కప్పు మార్చేయడం చాలా ఊళ్లలో ఇప్పుడే జరిగే పనులు. ఈ పనిని మనం మామూలు కూలిపనిగా చూస్తున్నాం. అలా చూడకూడదు.

సిమెంటు రేకులో సిమెంటు ఒక్కటే ఉండదు. రేకు పెళుసుబారకుండా అందులో పదో వంతుకు అటూఇటూగా ఆస్‌బెస్టాస్ అనే రాతినార కలుపుతారు. ఇది గనుల్లో దొరికే ఖనిజం. ఒకప్పుడు కడప జిల్లా పులివెందుల వైపు బ్రాహ్మణపల్లె గనుల్లో మేలురకం తెల్ల ఆస్‌బెస్టాస్ తవ్వేవారు. కొత్త గనుల లీజులు ఇవ్వడాన్ని కేంద్రం 1986లో ఆపేసింది. ఇప్పుడు మన రేకుల్లోకి వచ్చే నార రష్యా, కజకిస్థాన్, బ్రెజిల్ దేశాల నుంచి దిగుమతి అవుతోంది. పాత రేకు విరిగిన అంచును ఎండలో పెట్టి చూస్తే సన్నటి తెల్లని నూగు కంటికి కనిపిస్తుంది. అది పోగుల కట్ట. ఆ కట్టలోంచి విడివడే పోగు మాత్రం కంటికి ఆనదు. ఊపిరితో లోపలికి వెళ్లిన పోగు కరగదు, కుళ్లదు, దగ్గితే బయటికి రాదు. ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్‌బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్ దీనివల్ల వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ అన్ని రకాల ఆస్‌బెస్టాస్‌నూ క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలోనే పెట్టింది. పీల్చిన నాడు ఏమీ తెలియదు. ఇరవై, ముప్ఫై, ఒక్కోసారి నలభై ఏళ్లకు జబ్బు బయటపడుతుంది. అందుకే 1995లో సుప్రీంకోర్టు, ఆస్‌బెస్టాస్ కర్మాగారాల కార్మికుల ఆరోగ్య రికార్డులను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అప్పటిదాకా భద్రపరచాలని ఆదేశించింది. మన కొట్టం కప్పు విప్పే కూలీకి అలాంటి రికార్డేదీ ఉండదు. జాగ్రత్త బాధ్యత మనమీద ఉందని చెప్పడానికే ఇంత చెప్పాల్సి వచ్చింది.

అలాగని బెంబేలెత్తి గట్టిగా ఉన్న కప్పును విప్పేయకండి. పగుళ్లు లేని రేకు దాని మానాన అది ఉంటే పోగులు సిమెంటులోనే బంధించి ఉంటాయి. దాన్ని కదిలించకపోవడమే మంచి పని. పాతబడి పైన నాచు పట్టిన రేకును ఇనుప బ్రష్షుతో గీకవద్దు, పవర్ స్ప్రేయరు ధారతో కడగవద్దు. పైపొర లేచి పోగులు బయటపడేది అప్పుడే. కొత్తగా రంధ్రాలు వేయడం, కటింగ్ మిషన్‌తో అంచులు కోయడం అసలే వద్దు. గ్రైండర్ చక్రం కింద లేచే ఆ తెల్లటి పొగ, ఈ పని మొత్తంలో అన్నింటికన్నా చెడ్డది. రేకు మీదుగా కారిన వాననీరు తాగితే ఏమవుతుందని చాలామంది అడుగుతున్నారు. అసలు ప్రమాదం పీల్చడంలో ఉంది. చూరు కింద పేరుకున్న బూడిదరంగు మడ్డి ఎండి గాలికి లేవకుండా చూసుకోండి, దాన్ని తడిపి తీయండి.

కప్పు ఎక్కే ముందు ఇంకో మాట. పోగుల కంటే ముందు ప్రాణం తీసేది పడిపోవడం. పాత సిమెంటు రేకు మనిషి బరువు మోయదు. చూడటానికి గట్టిగానే ఉంటుంది, కాలు పెట్టగానే పగిలి మనిషి కిందికి వస్తాడు. కింద కుడితి తొట్టో, గుంజో ఉంటే ఇక చెప్పేదేముంది. రేకు మీద నేరుగా నడవవద్దు. అడ్డకమ్ముల మీద ఆనేలా పొడవాటి బల్లలు వేసుకుని వాటి మీదే కదలాలి. వీలైతే కింద నిచ్చెన లేదా సారువ కట్టుకుని కింది నుంచే బోల్టులు విప్పడం ఇంకా మేలు. మోటారు షెడ్డయితే ముందు ఫ్యూజులు తీయించండి. గాలికి తీగలు రేకుల మీద పడి ఉంటే లైన్‌మన్ వచ్చేదాకా ఎవరూ దగ్గరికి పోవద్దు.

విప్పే రోజు పొద్దున్నే, గాలి లేవకముందే పని మొదలుపెట్టాలి. పశువులను, కోళ్లను దూరంగా తోలేయాలి. పిల్లల్ని అటువైపు రానివ్వకూడదు. గడ్డివాము మీద, దాణా బస్తాల మీద, నీళ్ల తొట్టి మీద బరకాలు కప్పాలి. తర్వాత రేకులను తడపాలి. మందు కొట్టే చేతి స్ప్రేయరునే శుభ్రంగా కడిగి వాడుకోవచ్చు, సన్నటి తుంపర పడితే చాలు. నీళ్లలో కొద్దిగా సర్ఫు కలపండి. ఆకు మీద మందు నిలవడానికి జిగురు కలుపుతాం కదా, ఇక్కడ సబ్బు చేసేదీ అలాంటి పనే, పోగుల మధ్యకు నీరు చేరేలా చేస్తుంది. తడిసిన రేకు జారుతుంది, కాబట్టి బల్లల మాట మరవకండి.

జె-హుక్కుల నట్లు తుప్పు పట్టి తిరగవు. అక్కడే మేస్త్రీలు సుత్తి తీస్తారు. రేకు పగలకొట్టి హుక్కు ఊడదీయడం వాళ్లకు సులువు, పీల్చేవాళ్లకు చేటు. నట్టు మీద నీళ్లు చల్లి, బోల్టు కట్టరుతో హుక్కును తెగ్గొట్టమనండి. కొప్పు మీది మడత రేకులు ముందు తీసి, తర్వాత పైవరుస నుంచి కిందికి రావాలి. పది అడుగుల రేకు 40 కిలోల దాకా తూగుతుంది. ఇద్దరు పైన, ఇద్దరు కింద ఉండి తాడుతో దించాలి. పైనుంచి విసరకూడదు. కింద పరిచిన బరకం మీద ఒకదానిపై ఒకటి పేర్చాలి. ఈ పద్ధతిలో పూటలో అయ్యే పని రోజు పడుతుంది. ఆ రెండో పూట కూలి మీరు పెట్టుకోవాల్సిందే.

ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే లాభం లేదు. కరోనా రోజుల్లో వాడిన నీలం గుడ్డ మాస్కూ పనికిరాదు. రెండు పట్టీలతో ముఖానికి బిగిసే ఎన్-95 మాస్కు కనీసం ఉండాలి. అంతకన్నా మెరుగైన ఎఫ్ఎఫ్‌పీ-3 రకం దొరికితే ఇంకా మంచిది. గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి దూరుతుంది. ఫుల్ చేతుల పాత చొక్కా, ప్యాంటు వేసుకుని, పని అయ్యాక వాటిని తడిపి రేకులతోపాటే మూటలో కట్టేయాలి. అక్కడే తల స్నానం చేసి, వేరే బట్టలతో ఇంటికి వెళ్లాలి. ఈ బట్టల విషయం గట్టిగా చెబుతున్నాను. ఆస్‌బెస్టాస్ కార్మికుల బట్టలు ఉతికిన భార్యలకు, కర్మాగారం గడప తొక్కకపోయినా, మీసోథీలియోమా వచ్చిన ఉదంతాలు అనేక దేశాల్లో నమోదయ్యాయి. దులిపి దండెం మీద వేసే పని పెట్టుకోవద్దు.

రేకులను మనం విప్పితే ఇదంతా ఒక వరుసలో చేయవచ్చు. గాలే విప్పితే వరుస ఉండదు. 2014 అక్టోబరులో విశాఖ మీద హుద్‌హుద్, 2018 అక్టోబరులో శ్రీకాకుళం మీద తిత్లీ తుపాన్లు విరుచుకుపడినప్పుడు ఎగిరిన రేకుల ముక్కలు ఎంతెంత దూరం పడతాయో అక్కడి రైతులకు తెలుసు. గాలివాన వెలిశాక నష్టం అంచనా కోసం ముందు ఫొటోలు తీసుకోండి. ఆ తర్వాత ఆలస్యం చేయకుండా, నేల తడిగా ఉండగానే ముక్కలు ఏరించండి. ఎండితే మళ్లీ తడపాలి. చీపురుతో ఊడ్చవద్దు, తడిగుడ్డతో ఎత్తండి, పొడి కలిసిన చోట పైమట్టి అంగుళం మందాన తడిపి తీసి మూటలో వేయండి. గడ్డిలో ముక్కలుంటే ఆ గడ్డిని చాఫ్ కట్టరులోకి పంపకండి. చేలో ముక్కలుంటే, అవి ఏరేదాకా రోటవేటరు దింపకండి. తొలకరి దుక్కుల తొందరలో జరిగే పొరపాటు ఇదే. అరచేతి వెడల్పు ముక్కను చేత్తో తీసి సంచిలో వేయడం నిమిషం పని. రోటవేటరు బ్లేళ్లు దాన్ని పిండి చేశాక ఏరడం ఎవరివల్లా కాదు, ఎండిన ప్రతిసారీ ఆ చేలో దుమ్ముతో పాటు లేస్తుంది.

మూటకు పలచటి కవరు పనికిరాదు. మల్చింగ్ షీటు 25, 30 మైక్రాన్లే ఉంటుంది, రేకు అంచు తగలగానే చిరుగుతుంది. పాలీహౌస్ కప్పుకు వాడే 200 మైక్రాన్ల ఫిల్మ్, దుకాణంలో 800 గేజి అని అడిగితే ఇచ్చే పాలిథిన్, సరైన మందం. తడి రేకులను రెండు పొరలుగా చుట్టి, అంచులను ప్యాకింగ్ టేపుతో మూసేయాలి. చిన్న ముక్కలను రెండు సంచుల్లో ఒకదానిలో ఒకటి వేయాలి. పైన ‘ఆస్‌బెస్టాస్ వ్యర్థం, విప్పవద్దు’ అని పెద్ద అక్షరాలతో రాయండి. నీడన, పశువులు తొక్కని చోట, వరద నీరు రాని మెరక మీద ఉంచండి.

ఇక చట్టం. సిమెంటు రేకులు అమ్మడం, కొనడం మన దేశంలో నేరం కాదు. వ్యర్థం సంగతి వేరు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చిన 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల్లో పారవేసిన ఆస్‌బెస్టాస్ జాబితాకెక్కింది. ఆ పద్దు ఆస్‌బెస్టాస్ తయారీ పరిశ్రమల పేరు మీద ఉంది. ఒక కొట్టం రేకులు విప్పిన రైతును పరిశ్రమతో సమానంగా ఎవరూ చూడరు. అయినా వ్యర్థం అదే, అది చేరాల్సిన చోటూ అదే. ప్రమాదకర వ్యర్థాలను శాస్త్రీయంగా పూడ్చే కేంద్రాలు తెలంగాణలో హైదరాబాద్ శివారు దుండిగల్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ దగ్గర పరవాడలో ఉన్నాయి. ట్రాక్టరులో వేసుకుని నేరుగా వెళితే గేటు దగ్గరే ఆపేస్తారు. ముందు పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. ఎన్ని రేకులు, ఎక్కడ మూటకట్టి ఉంచారు, ఎప్పుడు విప్పారు అనేవి రాయండి. నకలు కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి పంపి, అందినట్టు రసీదు తీసుకోండి. వేల రేకులున్న కోళ్ల ఫారాల యజమానులు కప్పు విప్పడానికి ముందే మండలిని సంప్రదించాలి. ఊళ్లో నలుగురైదుగురు రైతులవి కలిపి ఒకే అర్జీ పెడితే పంచాయతీ మీద ఒత్తిడి పెరుగుతుంది, రవాణా ఖర్చూ పంచుకోవచ్చు. జవాబు రావడానికి వారాలు పట్టవచ్చు. మూట గట్టిగా ఉంటే ఆ వారాల వల్ల నష్టం లేదు.

చెరువులో, కాలువలో, పాడుబడ్డ బావిలో వేయడం 1974 నీటి కాలుష్య నివారణ చట్టం ప్రకారం నిషిద్ధం. పర్యావరణ చట్టం ఉల్లంఘనకు ఇప్పుడు 10 వేల రూపాయల నుంచి 15 లక్షల దాకా జరిమానా ఉంది. మంటలో వేస్తే నార కాలిపోతుందనుకోవద్దు. కాలదు సరికదా, వేడికి రేకు పేలి ముక్కలు చిమ్ముతుంది. బండిబాట గుంతల్లో, డొంకలో చదును కోసం పోయడం పల్లెల్లో బాగా అలవాటైన పని. ప్రతి ట్రాక్టరు చక్రం ఆ ముక్కలను మరికాస్త నలగ్గొడుతుంది, వెనకే నడిచే బడిపిల్లలు పీలుస్తారు. పగిలిన రేకును కోళ్లగూటికి కప్పుగానో, పొయ్యికి గాలి అడ్డంగానో, మడవకు అడ్డుగానో మళ్లీ వాడటం కూడా ఆపేయాలి. పాతసామాను వాళ్లకు అమ్మినా అది ఇంకో పేదవాడి కప్పు మీదికే చేరుతుంది.

పాత నీటి లైన్ల కోసం పూడ్చిన సిమెంటు పైపుల్లో కూడా చాలావాటిలో ఇదే నార ఉంటుంది. దున్నేటప్పుడు నాగలికి తగిలితే రంపం పెట్టవద్దు. వాడకంలో లేనిదైతే కదపకుండా మట్టి కప్పేసి గుర్తు పెట్టుకోండి. తీయక తప్పకపోతే తడిపి, కీలు దగ్గర విడదీయండి. పాత ట్రాక్టర్ల బ్రేకు లైనింగులు, క్లచ్ ప్లేట్లలోనూ ఆస్‌బెస్టాస్ వాడేవారు. సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు డ్రమ్ము విప్పి కంప్రెసరుతో గాలి కొట్టడం మెకానిక్కుల అలవాటు. తడిగుడ్డతో తుడవమని చెప్పండి.

కొత్త కప్పు వేసుకునేవారికి రంగు పూత ఉన్న ఇనుప రేకులు, ఆస్‌బెస్టాస్ కలపని సిమెంటు రేకులు రెండూ మార్కెట్లో ఉన్నాయి. రంగు చూసి, తట్టి చూసి తేడా కనిపెట్టలేం. రేకు మీద ముద్ర, బిల్లులో రాత చూసి తీసుకోండి. ఇనుప రేకు కింద ఎండాకాలం పశువుకు వేడి ఎక్కువ, కాబట్టి కప్పు ఎత్తు రెండడుగులు పెంచి, పైన తెల్ల సున్నమో కూల్ పెయింటో వేయించండి, లేదా రేకు మీద వరిగడ్డి పరవండి. గడ్డి పరిస్తే దాన్ని తాళ్లతో అడ్డంగా బిగించాలి. లేకపోతే మళ్లీ వచ్చే ఈదురుగాలికి అది నిలవదు.