పెట్టె సంగతి తర్వాత, ముందు కౌంటీ సంగతి

పోలీసులూ ఫైర్‌వాళ్లూ రేడియోలో మాట్లాడుకునే మాటలు వినిపించే స్కానర్ అమెరికాలో చాలామందికి కాలక్షేపం. రాత్రిపూట ప్రమాదాలనూ మంటలనూ వీడియో తీసి టీవీ చానెళ్లకు అమ్ముకునే ఫ్రీలాన్సర్‌కూ, స్థానిక పత్రికలో నైట్ డ్యూటీ విలేకరికీ మాత్రం అది పనిముట్టు. ఈ సలహా వాళ్లకే. సరదాకి కొనేవాళ్లు నచ్చింది కొనుక్కోవచ్చు, సరదాకు లెక్కలేమిటి?

పనికి కొనేటప్పుడు లెక్క చూడాలి. యూనిడెన్ కంపెనీ ఎస్‌డీఎస్100 మోడల్ 2018లో వచ్చినప్పుడు ధర 700 డాలర్ల దాకా ఉండేది. డిజిటల్ పట్టని బీసీ125ఏటీ వంద పైచిలుకుకే వస్తుంది. ఇంత తేడా ఎందుకు కడుతున్నామో తెలియాలంటే డబ్బా మీద ఏం రాశారన్నది పక్కనబెట్టి, మీరు పనిచేసే కౌంటీలో పోలీసులూ ఫైర్‌వాళ్లూ ఏ పద్ధతిలో మాట్లాడుకుంటున్నారో ముందు చూడాలి.

మొదట చూడాల్సింది ఎన్‌క్రిప్షన్, అంటే బయటివాళ్లు వినకుండా మాటకు వేసే తాళం. మాటకు తాళం పడితే దాన్ని తీసే స్కానర్ ఏ ధరకూ దొరకదు. డెన్వర్ పోలీసులు 2019లో తాళం వేసేశారు. షికాగోలో 2022 నుంచి పోలీసు మాటలు జనానికి 30 నిమిషాలు ఆలస్యంగా వినిపించే పద్ధతి తెచ్చారు. అరగంట తర్వాత తెలిస్తే మీరు వెళ్లేసరికి అక్కడ మిగిలేది తడిసిన రోడ్డే. న్యూయార్క్ పోలీసులు కూడా 2023లో తాళం వేయడం మొదలుపెట్టారు. రేడియోరిఫరెన్స్ వెబ్‌సైట్ జాబితాలో మీ కౌంటీ పేజీ తెరిచి, మీకు కావలసిన చానెళ్లకు ఎన్‌క్రిప్షన్ గుర్తు ఉందేమో చూడండి. పోలీసులవి మూసి, ఫైర్, అంబులెన్స్ తెరిచి ఉంచే ఊళ్లూ ఉన్నాయి. మీ సంపాదన మంటల వీడియోల మీదే అయితే అది చాలు.

తాళం లేదని తేలాక చూడాల్సింది పీ25. అమెరికా ప్రజా భద్రతా సంస్థలు ఎక్కువగా వాడే డిజిటల్ పద్ధతి ఇదే. ఇందులో మొదటి దశ, రెండో దశ అని రెండున్నాయి. రెండో దశలో ఒకే చానెల్‌ను కాలం ముక్కలుగా కోసి రెండు సంభాషణలు నడుపుతారు. మీ ఊరు రెండో దశకు మారి ఉంటే మొదటి దశ మాత్రమే తెలిసిన పాత స్కానర్ సెకండ్ హ్యాండ్‌లో ఎంత చవగ్గా వచ్చినా దండగే.

ఇక అసలు డబ్బంతా దేనికి పోతుందో అది: సైమల్‌కాస్ట్. పెద్ద కౌంటీల్లో చాలా టవర్లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఒకే మాటను ఒకేసారి పంపుతాయి. జాతరలో వరసగా మైకులు కట్టినప్పుడు రెండింటి మధ్య నిలబడి ప్రకటన వినండి. ఒక మైకు మాట ముందొచ్చి, రెండోది దాని తోక తొక్కుకుంటూ వస్తుంది. తప్పిపోయింది ఎవరి పిల్లాడో అర్థం కాదు. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా స్కానర్‌కు పట్టే గతి అదే. మాట తెగిపోయి గరగరలు మిగులుతాయి. 2014లో వచ్చిన యూనిడెన్ బీసీడీ436హెచ్‌పీ మంచి సెట్టే, కానీ ఇక్కడే తడబడుతుంది. ఎస్‌డీఎస్ వరస, సిగ్నల్‌ను సాఫ్ట్‌వేర్‌తో విప్పే మరో రకం రిసీవర్ పెట్టి, దీన్ని చాలావరకు దారిలో పెట్టింది. నా లెక్కలో ఎక్కువ డబ్బు పెట్టదగిన కొత్తదనం ఇదొక్కటే. రంగుల తెర బాగుంటుంది, అంతే. కౌంటీ పేజీలో టవర్ల పేర్ల పక్కన సైమల్‌కాస్ట్ అని ఉంటే జేబు విప్పండి, లేకపోతే 436 లాంటి పాత మోడల్‌తో సరిపెట్టుకోండి.

జిప్ కోడ్ కొడితే చానెళ్లు వాటంతటవే వచ్చే సౌకర్యం రోజుకు నాలుగు కౌంటీలు తిరిగేవాడికి మేలు. ఒకే ఊళ్లో తిరిగేవాడు ఒక ఆదివారం కూర్చుని ఎక్కించుకుంటే సరిపోతుంది. ఇప్పుడే విన్నదాన్ని మళ్లీ వినిపించే మీట మాత్రం విలేకరికి బంగారం, అడ్రస్ ఎప్పుడూ మొదటిసారి సరిగా వినబడదు. అది 436లోనూ ఉంది. డీఎంఆర్, ఎన్‌ఎక్స్‌డీఎన్ అనే వేరే డిజిటల్ పద్ధతులకు యూనిడెన్‌లో విడిగా డబ్బు కట్టాలి. మీ చుట్టుపక్కల అవి వాడేవాళ్లు లేకపోతే ఆ జోలికి పోకండి.

డెస్క్ దగ్గరే కూర్చుని వినే పనైతే మరో దారి ఉంది. రేడియో సిగ్నల్ పట్టే 30, 40 డాలర్ల ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్‌ను లాప్‌టాప్‌కు తగిలించి, ఉచితంగా దొరికే ఎస్‌డీఆర్‌ట్రంక్ ప్రోగ్రామ్ నడిపితే పీ25 రెండు దశలూ వినొచ్చు. నేర్చుకోవడానికి కొన్ని రాత్రులు పడుతుంది. కారులో మాత్రం ఈ వైర్ల గోల పనికిరాదు.

కారు అన్నాను కాబట్టి, ఫ్లోరిడా, ఇండియానా, కెంటకీ, న్యూయార్క్, మిన్నెసోటా లాంటి రాష్ట్రాల్లో పోలీసు మాటలు పట్టే స్కానర్‌ను బండిలో ఉంచుకోవడం మీద ఆంక్షలున్నాయి. అమెచ్యూర్ రేడియో లైసెన్స్ ఉన్నవాళ్లకు చాలాచోట్ల మినహాయింపు ఉంది, ఆ పరీక్షేమీ కష్టం కాదు. మీ రాష్ట్ర చట్టం చదివాకే డ్యాష్‌బోర్డ్ మీద పెట్టండి.

ఇవన్నీ చూసుకుని కొన్నాక, వాపసు గడువు ముగిసేలోగా ఒక రాత్రి సెట్ తీసుకుని మీరు మామూలుగా కాచుకుని ఉండే పార్కింగ్ లాట్‌కే వెళ్లండి. ఇంటి కిటికీ దగ్గర బాగా వినబడిన సెట్ అక్కడ రెండు టవర్ల మధ్య చిక్కి గరగరమంటే, పొద్దున్నే డబ్బా సర్ది తిరిగి పంపేయండి.