ముప్ఫై ఏళ్లకే హెడ్ కోచ్: సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మా తమ్ముడి కొడుకు అమెరికాలోనే పుట్టి పెరిగాడు. మంచి ఉద్యోగం వదిలేసి కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్ అవుతానంటున్నాడు. బ్రాడ్ స్టీవెన్స్ అనే కోచ్ కూడా మందుల కంపెనీ మానేసే పైకొచ్చాడట. తమ్ముడు, మరదలు బెంగ పెట్టుకున్నారు. ఏం చెప్పమంటారు?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ మేనల్లుడు చెప్పింది నిజమే, కాకపోతే సగమే చెప్పాడు. స్టీవెన్స్ ఇండియానాపొలిస్‌లో ఎలై లిల్లీ ఉద్యోగం మానేసింది 2000లో, బట్లర్ యూనివర్సిటీ జట్టు దగ్గర జీతం లేకుండా పనిచేయడానికి. ఇల్లు గడవడానికి రెస్టరెంట్‌లో సర్వర్‌గా చేరడానికీ సిద్ధపడ్డాడు. ఈలోగా బట్లర్‌లోనే బాస్కెట్‌బాల్ ఆపరేషన్స్ డైరెక్టర్ పోస్టు ఖాళీ అయి, అది ఆయనకు దక్కింది. పేరు ఘనంగా ఉంది గానీ పనంతా ప్రయాణ ఏర్పాట్లు, వీడియోలు, కాగితాలు. అప్పటి నిబంధనల ప్రకారం ఆ పోస్టులో ఉన్నవాళ్లు కోర్టులోకి దిగి ఆట నేర్పకూడదు కూడా!

2001లో హెడ్ కోచ్ థాడ్ మాట్టా వెళ్లిపోయాడు, స్టీవెన్స్ అసిస్టెంట్ అయ్యాడు. 2007లో తర్వాతి కోచ్ టాడ్ లిక్‌లైటర్ అయోవాకు వెళ్లాడు. అప్పుడు 30 ఏళ్ల స్టీవెన్స్ చేతికి జట్టు వచ్చింది. మొదటి సీజన్‌లోనే 30 గెలుపులు, 4 ఓటములు. 2010లో, 2011లో వరసగా జాతీయ ఫైనల్స్. 2010లో డ్యూక్ యూనివర్సిటీ చేతిలో 61-59తో ఓడారు. బట్లర్ ఆటగాడు గోర్డన్ హేవర్డ్ సగం కోర్టు నుంచి విసిరిన ఆఖరి బంతి రింగుకు తగిలి బయటపడింది. ఆ రెండు ఫైనల్సే 2013లో స్టీవెన్స్‌ని ప్రొఫెషనల్ జట్టు బోస్టన్ సెల్టిక్స్‌కు కోచ్‌గా చేర్చాయని నా అభిప్రాయం.

ప్రతిభ ఉంది, కాదనను. కానీ పైవాళ్లు రెండుసార్లు కదిలారు, రెండుసార్లూ ఈయన అక్కడే ఉన్నాడు. అది ఎవరూ ప్లాన్ చేసుకోలేరు. ఉద్యోగం మానే ముందు ఒక వేసవి యూనివర్సిటీ క్యాంపులో పదేళ్ల పిల్లలకు లే-అప్ నేర్పి రమ్మనండి. ఆ తర్వాతా మనసు మారకపోతే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ పోస్టులకు దరఖాస్తు చేయొచ్చు. తోడుగా ఓ డిగ్రీ వస్తుంది. ఆదాయం మాత్రం కొన్నేళ్లపాటు అంతంతమాత్రమే. తమ్ముడికి ఆ మాట ముందే చెప్పేయండి.

ప్రశ్న: నేను యూనివర్సిటీ జట్టుకు ఆడాను. మన దగ్గర కోచ్ కావడానికి ఇలాంటి దారి ఉందా?
- డిగ్రీ విద్యార్థి, హన్మకొండ

జవాబు: అలాంటిది లేదు. అమెరికాలో కాలేజీ ఆటకు టీవీ డబ్బు ఉంది, ఇక్కడ లేదు. ఇక్కడ కాలేజీ జట్టు బాధ్యత సాధారణంగా ఫిజికల్ డైరెక్టర్‌దే. వాలీబాల్, కబడ్డీ, రన్నింగ్ ట్రాక్ సున్నం గీతలు కూడా ఆయనే చూసుకోవాలి. దానికి ఎం.పీ.ఎడ్., నెట్ దారి. కోచింగే కావాలంటే పాటియాలా ఎన్.ఐ.ఎస్. డిప్లొమా. ఆడిన సర్టిఫికెట్లన్నీ జాగ్రత్తగా దాచుకోండి, ఎంపికలో వాటిని అడుగుతారు.