ఏ బస్సు ఎక్కించాలి?

ఏప్రిల్ మొదటి వారం వచ్చిందంటే నాకు ఫోన్లు ఎక్కువవుతాయి. వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో రెండో తరగతి పిల్లలున్న ఇళ్లకి కబురు వచ్చే రోజులవి. "అక్కా, మావాడికి లెవెల్ ఫోర్ వచ్చింది" అని ఒకరు. "మా అమ్మాయికి రాలేదక్కా, అప్పీలు వేయమంటావా?" అని ఇంకొకరు. మా పిల్లలిద్దరూ ఆ దారిలో నడిచినవాళ్లే కాబట్టి నాకేదో తెలుసని వాళ్ల నమ్మకం. వచ్చినవాళ్ల సంబరం ఒక పూటే. తెల్లారేసరికి అసలు చిక్కు మొదలవుతుంది. సెంటర్ స్కూలుకి పంపాలా, ఉన్న స్కూల్లోనే ఉంచాలా?

కొత్తగా వచ్చినవాళ్ల కోసం కాస్త చెప్పాలి. ఈ కౌంటీలో చురుకైన పిల్లల చదువుకి 'ఏఏపీ' అని ఒక ఏర్పాటుంది. నాలుగు అంచెలు. కింది అంచెల్లో ఉన్న తరగతిలోనే కొంత అదనపు పని, లేదా వారంలో కొంతసేపు వేరే టీచరు. నాలుగోది పూర్తికాలం. భాష, లెక్కలు, సైన్సు, సోషల్ నాలుగూ మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా పై స్థాయిలో నడుస్తాయి. దీనికి ఎంపిక చేసేది మీ స్కూలు ప్రిన్సిపాల్ కాదు, కౌంటీ కమిటీ. కోగాట్ లాంటి పరీక్షల మార్కులు, టీచరు రాసిన అభిప్రాయం, పిల్లలు చేసిన పనుల నమూనాలు అన్నీ కలిపి ఒక ఫైలుగా చూస్తారు. ఇన్ని మార్కులొస్తే ఖాయం అన్న గీత లేదు. ఎంపికైన పిల్లలు తమ ప్రాంతానికి కేటాయించిన సెంటర్ స్కూలుకి వెళ్లొచ్చు, బస్సు కౌంటీదే. సొంత స్కూల్లోనే లెవెల్ ఫోర్ ఉంటే అక్కడే ఉండిపోనూవచ్చు. కౌంటీ దాటితే ఇదంతా మారిపోతుంది. టెక్సాస్‌లో జీటీ అంటారు, కాలిఫోర్నియాలో గేట్ అంటారు. ఇలాంటి తరగతులు పెట్టి తీరాలని దేశమంతటికీ వర్తించే చట్టమేమీ లేదు. అందుకే డాలస్‌లో ఉన్న మీ తోడికోడలి సలహా ఇక్కడ పనికిరాదు.

పోయినేడాది షాంటిలీ నుంచి ఒక జంట వచ్చారు. భర్త లాప్‌టాప్ తెరిచి పెట్టాడు. రెండు స్కూళ్లు, రెండు నిలువు వరసలు. రేటింగు, రాష్ట్ర పరీక్షల్లో శాతాలు, ఆసియా పిల్లలు ఎంతమంది, ఆ స్కూలు నుంచి ఏ మిడిల్ స్కూలుకి వెళతారు, అక్కడి ఇళ్ల ధరలెంత. ఇళ్ల ధరలెందుకని అడిగితే నవ్వేశాడు. వాళ్ల పిల్లాడు డైనింగ్ టేబుల్ కింద కూర్చుని బిస్కెట్ పొట్లం అట్టతో ఏదో మడుస్తున్నాడు. మాటల మధ్యలో తల బయటికి పెట్టి, "ఆంటీ, ఆ స్కూల్లో ఇంక్యుబేటర్ ఉందా?" అన్నాడు. వాళ్ల తరగతిలో కోడిగుడ్లు పొదగేశారట. ఇరవై ఒక్క రోజుల్లో పన్నెండు అయిపోయాయి, ఇంకా తొమ్మిది ఉన్నాయి. రెండు గుడ్లు దీపం వెలుతురులో చూస్తే ఖాళీగా కనిపించాయని, వాటిని తీసేయొద్దని తను టీచర్తో వాదించాడని చెప్పాడు. ఆ వరసల్లో ఈ సంగతి రాసుకునే గడి లేదు. నేనైతే ముందు అదే రాసుకునేదాన్ని. వాణ్ని వాదించనిచ్చిన టీచరు ఒకరు ఆ స్కూల్లో ఉన్నారన్నమాట.

మన కంగారు ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలుసు. మనం ఏ సెక్షన్, బీ సెక్షన్ అని మార్కుల వారీగా విడదీసిన స్కూళ్లలో చదివాం. ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ అన్న బోర్డులు చూశాం. బీ సెక్షన్‌లో పడితే మంచి లెక్కల మాస్టారు రాడు, అంతే సంగతి. మా బాబాయి సర్వేలు గురుకులంలో చదివాడు. పల్లెల్లోని తెలివైన పిల్లల కోసం 1971లో పెట్టిన స్కూలది. ఆ ట్రంకుపెట్టె పట్టుకుని బస్సెక్కకపోతే తను మా ఊళ్లోనే ఆగిపోయేవాణ్నని ఇప్పటికీ అంటాడు. నిజమే. ఊళ్లో బడికీ సర్వేలుకీ నేలకీ నింగికీ ఉన్నంత తేడా. కానీ మీ ముందున్న రెండు స్కూళ్లకీ లైబ్రరీ ఉంది, లెక్కల టీచరుంది, ఒకే కౌంటీ జీతమిస్తుంది. మధ్య తేడా ఉండొచ్చు గానీ జీవితం అటో ఇటో అయ్యేంత కాదు. ఈ మాట నమ్మితే సగం నిద్ర తిరిగొస్తుంది.

తేడా ఎక్కడుంటుందో కూడా చెబుతాను, నా అనుభవంతోనే. మా పెద్దవాణ్ని సెంటర్‌కి పంపాం. వాడికి రైళ్ల పిచ్చి. ఏ ఇంజను ఎన్ని టన్నులు లాగుతుందో చెప్పబోతే పాత స్కూల్లో పిల్లలు లేచి వెళ్లిపోయేవారు. సెంటర్‌లో రెండో వారానికే అలాంటివాడే ఇంకొకడు దొరికాడు. వాడికి సబ్‌వేల పిచ్చి. ఇద్దరూ కలిసి వాషింగ్టన్ మెట్రో పటాన్ని తప్పుల్లేకుండా చూడకుండా గీసేవారు. వాడికి దక్కింది కష్టమైన లెక్కలు కాదు, ఆ స్నేహితుడు. కానీ పొద్దున ఒక గంట ముందు లేవాలి, సాయంత్రం మా వీధి పిల్లలు ఆటలు ముగించాక వీడు బస్సు దిగేవాడు. మూడో తరగతి అంతా వాణ్ని పుట్టినరోజులకి పిలిచేవాళ్లు రెండు జిప్‌కోడ్‌ల అవతల ఉండేవారు. శనివారాలన్నీ నేను డ్రైవరునే.

ఆ డ్రైవింగుకి విసిగి చిన్నదాన్ని సొంత స్కూల్లోనే ఉంచాను. అక్కడా లెవెల్ ఫోర్ ఉందన్నారు, చాలనుకున్నాను. అడగాల్సిన ఒక్క ప్రశ్న అడగలేదు. ఈ పిల్లలందరికీ వేరే తరగతి ఉందా, లేక నలుగురైదుగురిని మామూలు తరగతుల్లో గుంపుగా కూర్చోబెడతారా? రెండు పద్ధతులూ ఉన్నాయి. రెండోదాన్ని క్లస్టర్ అంటారు. టీచరు గట్టివారైతే క్లస్టరూ బ్రహ్మాండంగా నడుస్తుంది. ఆ ఏడు నడవలేదు. మా అమ్మాయి పని పది నిమిషాల్లో అయిపోయేది, మిగతా సేపు పక్కవాళ్లకి సాయం చేయమనేవారు. ఫిబ్రవరిలో ఒకరోజు "ఇవాళ ఏం నేర్చుకున్నావు?" అని అడిగితే, "కాగితాలు వరసగా పేర్చి స్టేపుల్ చేయడం" అంది. సరదాకి అందేమో అనుకున్నాను. కాదు, నాలుగు నెలలుగా అదే పని. స్కూలు తప్పు కొంత, అక్టోబరు మీటింగులో గ్రేడ్లు చూసి మురిసిపోయి వచ్చేసిన నా తప్పు కొంత. మరుసటేడు సెంటర్‌కి మార్చాం. ఒకసారి వచ్చిన అర్హత ఎనిమిదో తరగతి దాకా ఉంటుంది, గడువులోగా చెబితే తర్వాత ఏడాదైనా మారవచ్చు. సెంటర్ నచ్చకపోతే తిరిగి సొంత స్కూలుకి రావచ్చు. ఏప్రిల్‌లో వేసే టిక్కు పెళ్లి ముహూర్తం కాదు.

కాబట్టి వెళ్లి అడగండి. సెంటర్ స్కూళ్లు ఈ రోజుల్లోనే కొత్తవాళ్ల కోసం సాయంత్రం సమావేశాలు పెడతాయి. స్లైడ్లు చూపిస్తున్నంతసేపూ కూర్చోకండి, నెమ్మదిగా లేచి వరండాలో గోడలు చూడండి. ఇరవై మంది బొమ్మలూ ఒకేలా ఉంటే ఒక అర్థం, ఒక్కోటి ఒక్కోలా వంకరగా ఉంటే ఇంకో అర్థం. మీ సొంత స్కూల్లో ప్రిన్సిపాల్‌ని నేరుగా అడగండి. వచ్చే ఏడు మూడో తరగతిలో లెవెల్ ఫోర్ పిల్లలు ఎంతమంది, వాళ్లకి ఒక తరగతా, క్లస్టరా, ఆ టీచరు ఇదివరకు ఈ పాఠాలు చెప్పారా, పని ముందే అయిపోయిన పిల్లలు ఆ మిగిలిన సేపు ఏం చేస్తారు? ఈ చివరి ప్రశ్నకి వచ్చే జవాబు జాగ్రత్తగా వినండి. 'పుస్తకం చదువుకుంటారు' అంటే నేను కాస్త ఆలోచిస్తాను. షాంటిలీ జంట ఇలాగే అడిగారు. వాళ్ల స్కూల్లో మూడో తరగతికి నిండు తరగతి ఉంది. పిల్లాణ్ని అక్కడే ఉంచేశారు. లాప్‌టాప్‌లో సెంటర్‌కే మార్కులు ఎక్కువ వచ్చాయని భర్త ఇంకా గుర్తు చేసుకుంటాడు.

సెంటర్‌కి పంపేవాళ్లు ఒకదానికి సిద్ధపడాలి. ఇన్నాళ్లూ క్లాసులో అందరికన్నా ముందు చేయెత్తిన పిల్ల అక్కడ పన్నెండోది అవుతుంది. అక్టోబరుకల్లా "నాకు లెక్కలు రావు" అనొచ్చు. హెర్బర్ట్ మార్ష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలోనే దీన్ని గుర్తించాడు. చిన్న చెరువులో పెద్ద చేప పెద్ద చెరువుకి వెళ్లగానే తన్ను తాను చిన్నదనుకుంటుంది, దాని ఈతలో తేడా ఏమీ రాకపోయినా. ట్యూటర్‌ని వెతక్కండి, కొన్నాళ్లు ఆగండి. అప్పటిదాకా ఇంట్లో 'నువ్వు బ్రిలియంట్‌వి' అన్న మాట తగ్గించండి. క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ 1998లో ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాల్లో తెలివైనవాళ్లన్న మెచ్చుకోలు అందుకున్న పిల్లలు కష్టమైన పజిల్ ఎదురుకాగానే డీలా పడ్డారు, కష్టపడ్డారన్న మెచ్చుకోలు అందుకున్నవాళ్లు ఇంకా పట్టుగా చేశారు. మన ఇళ్లలో ఈ మాట ముఖ్యంగా నాయనమ్మలకి, అమ్మమ్మలకి చెప్పాలి. ఆదివారం వీడియో కాల్‌లో "మా మనవడు జీనియస్" అని వాళ్లు అంటున్నప్పుడు వెనక సోఫాలో రెండోవాడు కూర్చుని ఉంటాడు. వాడికి వచ్చే ఏడు రావచ్చు, రాకపోవచ్చు.

ఇక టీజే సంగతి. థామస్ జెఫర్సన్ సైన్స్ హైస్కూల్ పేరు తలవకుండా మన విందు భోజనాల్లో పులిహోర కూడా వడ్డించరు. ఎనిమిదేళ్ల పిల్లకి స్కూలు ఎంచుకుంటూ పద్నాలుగో ఏట అడ్మిషను లెక్కేయడం దండగ. 2020 చివర్లో అక్కడ ప్రవేశ పరీక్షే తీసేశారు. ఏటా సుమారు 550 సీట్లలో ఒక్కో మిడిల్ స్కూలుకీ దాని ఎనిమిదో తరగతిలో 1.5 శాతం మంది చొప్పున సీట్లు కేటాయించారు. గొడవ కోర్టుకెక్కింది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి ఒప్పుకోలేదు. అంటే పోటీ పిల్లలంతా చేరిన మిడిల్ స్కూలుకి వెళ్లడం వల్ల లాభమా నష్టమా అన్నది మీరూ నేనూ తేల్చగలిగేది కాదు. మూడో తరగతిలో చేరిన పిల్ల తొమ్మిదో తరగతికి వచ్చేలోపు ఈ పద్ధతి ఇంకోసారి మారినా నేను ఆశ్చర్యపోను.

రానివాళ్లకి రెండు మాటలు. అప్పీలు వేయాలనుకుంటే వేయండి, కానీ కొత్త ఆధారం ఉంటేనే. పాత ఫైలునే కోపంగా మళ్లీ పంపితే ఉపయోగం లేదు. వేలకి వేలు పోసి ఎనిమిదేళ్ల పిల్లలకి వారాంతాల్లో 'వరసలో తర్వాతి బొమ్మ ఏది' అని తోమే క్లాసులంటే నాకు మొదటినుంచీ గిట్టదు. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. లూయిస్ టెర్మన్ 1921లో కాలిఫోర్నియాలో ఐక్యూ ఎక్కువున్న పిల్లల్ని వెతికి వాళ్ల జీవితాల్ని దశాబ్దాలపాటు గమనించే పని మొదలుపెట్టాడు. అతని పరీక్షలో గీత దాటలేక మిగిలిపోయిన పిల్లల్లో విలియం షాక్లీ ఒకడు, లూయిస్ అల్వారెజ్ ఇంకొకడు. ఫిజిక్సులో షాక్లీకి 1956లో, అల్వారెజ్‌కి 1968లో నోబెల్ వచ్చింది. ఎంపికైన పదిహేను వందల పైచిలుకు పిల్లల్లో నోబెల్ అందుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. మీ అమ్మాయికి లెవెల్ ఫోర్ రాకపోయినా లెక్కల్లో మాత్రం పై తరగతి పాఠం ఇవ్వమని స్కూల్లో అడగొచ్చు, వచ్చే ఏడు మళ్లీ పేరు పంపొచ్చు.

కౌంటీకి జవాబు చెప్పాల్సిన తేదీ మీకొచ్చిన కబురులోనే ఉంటుంది. ఫోన్లో అలారం పెట్టుకోండి. పిల్లాణ్ని ఒకసారి ఆ స్కూలు ఆటస్థలంలో తిప్పి తీసుకురండి, ఇంటికొస్తూ కారులో వాడు ఏం మాట్లాడతాడో వినండి. ఆ రెండు స్కూళ్లకీ ఈమెయిలు మాత్రం ఈ రాత్రే రాయండి. మే నెలలో ప్రిన్సిపాళ్లు దొరకరు.