కెమెరా రాకముందే ఎత్తు ఎక్కించి చూడండి

1985 జనవరి 10. లండన్‌లో గుట్ట మీదుండే అలెగ్జాండ్రా ప్యాలెస్‌కి విలేకరులు గుంపుగా వచ్చారు. జేబు క్యాలిక్యులేటర్లు, జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటర్ ఇంటింటికీ చేర్చిన సర్ క్లైవ్ సింక్లెయిర్ ఆ రోజు కరెంటు బండిని చూపిస్తానన్నాడు. ఆయన ఎలక్ట్రిక్ కారు తెస్తున్నాడని పత్రికలు అప్పటికి చాలాకాలంగా ఊరిస్తున్నాయి. తీరా తెర తీస్తే కనిపించింది మూడు చక్రాల ప్లాస్టిక్ బండి. పైకప్పు లేదు, పెడళ్లు ఉన్నాయి, హ్యాండిల్ తొడల కింద ఉంది. పేరు సీ5, ధర 399 పౌండ్లు. బయటంతా మంచు. నడిపి చూద్దామని విలేకరులు రోడ్డెక్కితే చలికి బ్యాటరీలు నీరసించాయి, ఎత్తు రోడ్డు మీద పెడళ్లు తొక్కక తప్పలేదు.

అంతమంది విలేకరులు ఒకేసారి రావడం ఏ కంపెనీకైనా వరమే. సీ5కి మాత్రం ఆ ప్రచారమే మెడకు చుట్టుకుంది. అదే ఏడాది ఆగస్టులో తయారీ ఆగింది, అక్టోబరులో అప్పులు తీర్చలేక కంపెనీ రిసీవర్ల చేతికి వెళ్లింది. దాదాపు 14 వేల బండ్లు తయారైతే అప్పటికి అమ్ముడుపోయినవి సుమారు 5 వేలు.

మీరు ఈవీ స్టార్టప్‌లో ఇంజినీరు కావచ్చు, పాత బండికి మోటారు బిగించిన మెకానిక్ కావచ్చు, విద్యార్థులతో ప్రాజెక్టు చేయిస్తున్న పాలిటెక్నిక్ లెక్చరర్ కావచ్చు. చూడ్డానికి వింతగా ఉండే బండి ఏది చేసినా ఏదో ఒక రోజు జిల్లా విలేకరో, యూట్యూబ్ ఛానెలో తలుపు తడుతుంది. ఆ రోజు పనికొచ్చే సంగతులు ఇవి.

పేరు పెట్టగానే కొలబద్ద సిద్ధం

వింత బండిని ఎలా కొలవాలో చూసేవాళ్లకు తెలియదు. మీరు ఏ పేరు చెబితే ఆ జాతి బండ్లతోనే పోలుస్తారు. సీ5 నిజానికి సైకిల్‌కి దగ్గరి చుట్టం. బ్రిటన్ చట్టం ప్రకారం 14 ఏళ్ల పిల్లలు కూడా లైసెన్సు లేకుండా నడపొచ్చు, వేగం గంటకు 15 మైళ్లు, అంటే 24 కిలోమీటర్లు దాటదు. కానీ జనం కారు కోసం ఎదురుచూశారు, కారుతోనే పోల్చి నవ్వారు.

మన బెంగళూరు బండి రేవాకీ ఇలాంటి అనుభవమే ఎదురైంది. చేతన్ మైనీ బృందం 2001లో మార్కెట్లోకి తెచ్చిన ఈ రెండు తలుపుల బుల్లి బండి లండన్‌లో జీ-విజ్ పేరుతో తిరిగింది. నగరం నడిబొడ్డుకి వెళ్లే వాహనాల మీద వేసే రద్దీ రుసుము అప్పట్లో కరెంటు బండ్లకి లేకపోవడం దానికి బాగా కలిసొచ్చింది. ఐరోపా నిబంధనల్లో అది కారు కాదు, క్వాడ్రిసైకిల్ అనే వేరే తరగతి. అందువల్ల కార్లకు చేసే ఢీకొట్టే పరీక్షలు దానికి తప్పనిసరి కావు. 2007లో టాప్ గేర్ అనే కార్ల పత్రిక మాత్రం కార్లకు పెట్టే పరీక్షే దానికీ చేయించింది, గంటకు 40 మైళ్ల వేగంతో. ఫలితం ఘోరంగా వచ్చింది. కంపెనీ కొలత వేరు, పత్రిక కొలత వేరు. జనానికి గుర్తుండిపోయింది పత్రిక కొలతే.

అందుకే విలేకరికి చెప్పే మొదటి వాక్యంలోనే మీ బండి ఏ జాతిదో, ఎవరికోసమో తేల్చండి. "ఇది ఊళ్లో తిరగడానికి ఇద్దరు కూర్చునే బండి. హైవేకి పనికిరాదు" అనండి. "కారులాంటిదే సార్" అన్నారంటే ఆ సాయంత్రానికల్లా "లక్షలోపే కారు" అని స్క్రోలింగ్ వస్తుంది. మర్నాటి నుంచి ఫోన్లు మోగుతూనే ఉంటాయి, అడిగేవాళ్లంతా కారు కావాలనే అడుగుతారు.

రోజు, దారి, బ్యాటరీ

సింక్లెయిర్ పొరపాట్లలో తేలిగ్గా తప్పించుకోగలిగింది తేదీ. చలికాలంలో, గుట్ట మీద, పైకప్పు లేని బండిని చూపించాడు. మన దగ్గర మంచు ఉండదు గానీ మే నెల ఎండ ఉంటుంది, జూలై వాన ఉంటుంది. విలేకరి ఎప్పుడొస్తానంటే అప్పుడే రమ్మనకండి. "శనివారం పొద్దున ఏడింటికి రండి, అప్పటికి ఫుల్ ఛార్జి పెట్టి ఉంచుతాం" అని చెప్పడంలో మొహమాటం అక్కర్లేదు. రెండో బ్యాటరీ సిద్ధంగా ఉంచండి. విజువల్స్ కోసం కెమెరామ్యాన్ ఒకే మలుపులో పదిసార్లు తిప్పమంటాడు. రోజూ మీరు చూసే మైలేజీ ఆ రోజు రాదు.

అంకెల చీటీ

ఒక కాగితం మీద ఐదారు అంకెలు రాసి జేబులో పెట్టుకోండి. ఒక్క ఛార్జికి ఎంత దూరం, ఎంతమంది ఎక్కితే, ఏ రోడ్డు మీద. ఛార్జింగ్‌కి ఎన్ని గంటలు. గరిష్ఠ వేగం. ఇప్పటిదాకా ఎన్ని కిలోమీటర్లు తిప్పారు. తయారీకి ఎంతైంది. అమ్మకం ధర ఖరారు కాకపోతే "ధర ఇంకా తేలలేదు" అని రాసుకోండి. తోచిన అంకె చెప్పకండి.

ఈ చీటీకి ఒక ఫొటో తీసి విలేకరికి వాట్సాప్ చేయండి. వార్త అచ్చయ్యే ముందు చూపించమని అడగడం పద్ధతి కాదు. అంకెలు మాత్రం ఒక్కసారి సరిచూడమని అడగొచ్చు, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. వార్త వేయడానికి ఎవరైనా డబ్బు అడిగితే అది వార్త కాదు, ప్రకటన. అప్పుడు ప్రకటన లెక్కనే ఆలోచించుకోండి.

లోపం మీ నోటి నుంచే రావాలి

ఇంటర్వ్యూలో అందరూ దాటవేయాలని చూసేది ఇదే. బండిలో బలహీనత ఎక్కడుందో మీకు తెలుసు. విలేకరి పది నిమిషాల్లో దాన్ని పట్టేస్తాడు. తనంతట తాను పట్టుకుంటే అదే హెడ్డింగు అవుతుంది. మీరే ముందు చెబితే లోపలి పేరాలో ఒక వాక్యంగా ఉండిపోతుంది. "ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వేగం తగ్గుతుంది. పెద్ద కంట్రోలర్ పెట్టి చూస్తున్నాం" అన్నవాళ్ల మిగతా మాటల మీద కూడా నమ్మకం కుదురుతుంది.

అనుమతి, కాగితాలు

ఉద్యోగంలో ఉంటే బైట్ ఇచ్చే ముందు మేనేజరు నుంచి రాతపూర్వకంగా, కనీసం మెయిల్‌లో, అనుమతి తీసుకోండి. పేటెంటుకి దరఖాస్తు చేయాలనుకుంటున్న భాగం ఉంటే బానెట్ తెరిచి చూపించకండి. ఒకసారి బహిరంగమైన విషయానికి తర్వాత పేటెంటు దొరకడం కష్టం.

సొంతంగా చేసినవాళ్లు చట్టం చూసుకోవాలి. మన నిబంధనల్లో మోటారు శక్తి 250 వాట్లలోపు, వేగం గంటకు 25 కిలోమీటర్లలోపు ఉన్న చిన్న బ్యాటరీ బండ్లకి, బరువు వంటి మిగతా షరతులకూ లోబడితే, రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఉంది. అది దాటితే కథ వేరు. పెట్రోలు బండికి మోటారు బిగిస్తే, ఆ కిట్‌కి ఏఆర్ఏఐ లాంటి పరీక్షా సంస్థ ఆమోదం ఉండాలి, ఆర్సీలో మార్పు ఎక్కాలి. ఇవేవీ లేకుండా మెయిన్ రోడ్డు మీద దూసుకెళ్తున్న వీడియో బయటికొస్తే అదే మీ మీద సాక్ష్యం. షూటింగ్ కాలేజీ గ్రౌండ్‌లోనో, మీ వర్క్‌షాపు ఆవరణలోనో పెట్టించండి.

వార్త తేడాగా వస్తే

అంకె తప్పుగా పడితే ఆ రోజే మర్యాదగా ఫోన్ చేసి సవరణ అడగండి. విమర్శ నిజమైతే వాదించకండి, పని చేసి చూపించండి. రేవా కంపెనీ తర్వాతి మోడల్‌కి ముందు చక్రాల డిస్క్ బ్రేకులు పెట్టింది, చట్రం గట్టిపరిచింది, ఢీకొట్టే పరీక్ష చేయించింది. 2010లో మహీంద్రా అందులో 55 శాతం పైచిలుకు వాటా కొన్నది. టాప్ గేర్ అల్లరి జరిగిన మూడేళ్లకే అది.

వార్త బాగా వచ్చినా మర్నాటికి పని ఉంటుంది. ఫోన్ ఎవరు ఎత్తాలి, ఎంతమంది ఆసక్తి చూపారో ఎక్కడ రాసుకోవాలి, అడ్వాన్సు ఇస్తామనేవాళ్లకి ఏం చెప్పాలి అన్నది ముందే అనుకోండి. డెలివరీ తేదీ చెప్పలేని స్థితిలో ఒక్క రూపాయి తీసుకోకండి.

ఇంతకీ విలేకరికి ఫోన్ చేసే ముందు మరొకరికి చేయండి. మీ పరిచయస్తుల్లో ఏదీ ఓ పట్టాన మెచ్చని మనిషి ఒకరుంటారు. ఆయన్ని పక్కన ఎక్కించుకుని, సగం ఛార్జితో, మీ ఊళ్లో అన్నిటికంటే ఎత్తైన దారి ఎక్కించండి. ఆయన దిగి తోయాల్సి వస్తే, విలేకరిని ఇంకో నెల తర్వాత పిలవండి.