ఆ పేర్లు రాయండి బిడ్డా

స్రవంతీ,

మొన్న ఫోన్లో అడిగావు, "తెలంగాణ ఉద్యమమంటూ విద్యార్థులు రోడ్డెక్కి ప్రాణాలు పోగొట్టుకుంటే ఒరిగిందేముంది తాతా, బుద్ధిగా చదువుకుంటే పోయేది కదా" అని. ఫోన్లో తేలే మాట కాదని ఊరుకున్నాను. నువ్వు పనిచేసే మాదాపూర్‌లో ఆ రోజుల్లో రాళ్లగుట్టలే. గొడవంతా సిటీలో, ఉస్మానియాలో.

అప్పటి పిల్లలు అడిగిందేమిటో ముందు తెలుసుకో. 1952 సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి. ముల్కీ నిబంధనలు ఉన్నాయి కదా, స్థానికుల కొలువులు స్థానికులకే ఇవ్వండి అన్నారు, అంతే. 1969లోనూ పాల్వంచ థర్మల్ స్టేషన్ ఉద్యోగాల దగ్గరే రాజుకుంది. మొదట్లో చాలామంది స్థానికుల ఉద్యోగాలకున్న రక్షణలు అమలైతే చాలన్నారు. తుపాకులు పేలాక ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదు. ప్రత్యేక రాష్ట్రం తప్ప ఇంకేదీ వద్దన్నారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజాసమితికి పది సీట్లు వచ్చాయంటే ఊరికే వచ్చాయా? చిన్న కోరికను కాల్పులే పెద్ద కోరిక చేశాయి. నా లెక్కలో నీ ప్రశ్నకు జవాబు అదే.

ఇది తెలంగాణ ఒక్కదాని గోస కాదు. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ అడిగినందుకు విశాఖలో కాల్చారు. జై ఆంధ్ర ఉద్యమంలోనూ పిల్లలు పోయారు. కడుపుకోతకు ప్రాంతముంటుందా?

ఆదివారం ఖాళీ చేసుకుని గన్‌పార్కుకు వెళ్లు. అమీర్‌పేటలో మెట్రో మారితే అసెంబ్లీ స్టేషన్‌లో దిగొచ్చు. ఎక్కా యాదగిరిరావు చెక్కిన 1969 అమరుల స్తూపం అక్కడుంది. పీఠానికి నాలుగు వైపులా గుంతల్లాంటి గుర్తులు కనబడతాయి, తూటాల గుర్తులు. పైన తెల్లని పువ్వు. నాయకులు దండలు వేసి ఫొటోలు దిగేది అక్కడే. నేను చూసినంతలో చనిపోయినవాళ్ల పేర్లు మాత్రం లేవు. 369 మంది అని మనమంతా చెప్పుకుంటాం. సర్కారు ఒప్పుకున్నది అంతకన్నా చాలా తక్కువ.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. 1969లో పోలీసులు చంపారు. 2009 తర్వాత పిల్లలు తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. శ్రీకాంతాచారి పేరు నీకూ తెలుసు. మనం ప్రతి సభలో అమరులకే జేజేలు కొట్టాం. జైళ్లకెళ్లి, చదువులో ఒక ఏడు పోగొట్టుకుని, బతికి వచ్చి, పిల్లలకు పాఠాలు చెప్పినవాళ్లను ఒక్కరోజూ వేదిక ఎక్కించలేదు. చస్తేనే వింటారని ఆ పసివాళ్లకు అనిపించిందంటే తప్పు వాళ్లది కాదు. తెలంగాణ 2014లో వచ్చింది. రాష్ట్రం రావాలంటే ఇంతమంది చావాల్సిన పనే లేదని నేను ఇప్పటికీ అంటాను.

మీ ఆఫీసులో పొద్దస్తమానం డేటా అంటూ కూర్చుంటారు కదా. నలుగురు కలిసి ఊరూరా తిరిగి 1969లో పోయినవాళ్ల జాబితా ఒకటి తయారుచేయండి. పేరు, ఊరు, తరగతి, ఏ రోజు, ఎక్కడ. వాళ్ల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఇప్పటికే డెబ్బై దాటారు. వచ్చే ఏడు చూద్దాంలే అనకండి, ఈ ఏడే మొదలుపెట్టండి.

మీ తాత