పసిగుడ్డలు, బోరు నీళ్ళు

ప్రశ్న: ఇద్దరమూ షిఫ్టు పనికి పోతాం. గుడ్డ డైపర్లు రెండు రోజులకోసారి ఉతికితే తప్పా? కవర్లు కూడా ఉడకబెట్టాలా? – పెనుకొండ

జవాబు: తప్పేమీ లేదు. దొడ్డికి పోయిన గుడ్డను మాత్రం వెంటనే మరుగుదొడ్లో దులిపి, జాడించి, పిండి గాలి తగిలే బుట్టలో వేయండి. బకెట్లో నానేస్తే మన ఎండలకు సాయంత్రానికే కంపు. కవర్లకు ప్లాస్టిక్ పూత ఉంటుంది, ఉడికిస్తే పొర విడిపోతుంది. నూలు గుడ్డలే ఉడికించండి.

ప్రశ్న: ఎంత సబ్బు పెట్టి ఉతికినా బాబు గుడ్డలు ఆరాక అట్టముక్కల్లా బిరుసెక్కుతున్నాయి. తడి పీల్చవు. ఉచ్చ పోస్తే ముక్కు పగిలే ఘాటు. నాకు ఉతకడం రాదంటోంది మా అత్త. – హిందూపురం

జవాబు: ఉతకడం మీకు వచ్చు తల్లీ, మీ బోరు నీళ్ళకే సబ్బు పడదు. ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టు కడతాయి. ఆ తెట్టు పోగుల్లో ఇరుక్కుంటే గుడ్డ తడి పీల్చదు. అందులో మిగిలిన మూత్రాన్ని సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి, ఘాటు దానిదే. సబ్బు బిళ్ళ మానేసి, కొంచెం డిటర్జెంటు పౌడరు, చెంచాడు వాషింగ్ సోడా వేడినీళ్ళలో కలిపి అరగంట నానబెట్టండి. నురగ పూర్తిగా పోయేదాకా జాడించండి. బట్టలు మెత్తబడే ద్రవాలు వద్దు, అవీ పోగులకు పూతే పూస్తాయి. పసుపు మరకలకు మందులెందుకు, తడిగుడ్డను ఎండలో వేస్తే చాలు.

ఆఖరి జాడింపుకు వాన నీళ్ళు వాడి చూడండి. మనకు వానలెక్కడ అనకండి. మన వైపు ఏడాదికి 550 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా పడుతుంది. 500 చదరపు అడుగుల మిద్దె మీద 20 మిల్లీమీటర్లు కురిస్తే 900 లీటర్ల పైమాటే! మొదటి జల్లు మిద్దె కడుక్కుని పోనిచ్చి, తర్వాతి నీళ్ళు గొట్టంతో డ్రమ్ములోకి పట్టి, దోమలు దూరకుండా మూతికి గుడ్డ కట్టండి. ఇన్ని నీళ్ళు మోరీలోకి వదిలేసి, అప్పు చేసి బోరు మరింత లోతుకు దించి, వచ్చిన ఉప్పునీళ్ళతో కోడలి పనితనాన్ని తూచడం ఏం న్యాయం? ఈ ముక్క మీ అత్తగారికి చదివి వినిపించండి. బాబుకు ఒరుపు, ఎర్రటి పొక్కులు ఉంటే మాత్రం పిల్లల డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: పాత పట్టుచీర చించి లంగోటీలు కుట్టవచ్చా? మెత్తగా ఉంటుంది కదా. – ధర్మవరం

జవాబు: పట్టు వద్దు, జరీ అసలే వద్దు, తాతగారి పాత నూలు పంచె అడగండి.